రెండున్నర నూళ్ల పిన్ను

మా ఉస్తాద్ చేతిలో నేను తిన్న మొదటి దెబ్బ స్పానర్‌తో. మిర్యాలగూడలో రైస్ మిల్లుల సామాను చేసే లేత్ షెడ్డులో పనికి చేరి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. ఒక బోల్టుకు నట్టు వంకరగా ఎక్కించాను. అది బిగుసుకుపోతే పళ్లు బిగబట్టి ఇంకా తిప్పుతున్నాను. ఆయన వెనక నుంచి వచ్చి నెత్తి మీద ఒక్కటి వేశాడు.

"ఎక్కనంటున్నది కదరా అది! నోరు లేదని సంపుతవా దాన్ని?"

రక్తం చెవి దాకా కారింది. గాయంలో ఇంత పసుపు కుక్కి మళ్లీ పనిలోకి తోశాడు. షెడ్డులో ఎప్పుడూ ఒక డబ్బా నిండా పసుపు ఉండేది. ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు.

ఆయనే నాకు బోల్టు మీది మరలు, అంటే త్రెడ్లు, చూడటం నేర్పాడు. బోల్టు మందం ఒకటే అయినంత మాత్రాన జత కుదరదని, అంగుళానికి ఎన్ని త్రెడ్లు ఉన్నాయన్నదే అసలు సంగతి అని చెప్పాడు. కొలిచే గేజీ చేతికి దొరక్కపోతే తెలిసిన బోల్టునూ తెలియని బోల్టునూ పక్కపక్కన ఆనించి, దీని పళ్ల సందుల్లో దాని పళ్లు కూర్చోబెట్టి, బయటికి తెచ్చి వెలుతురుకు పట్టాలి. మధ్యలో వెలుతురు దూరకపోతే రెండూ ఒకటే. దూరితే కాదు. ఇంతే విద్య. దీనికి ఐటీఐ చదవక్కర్లేదు.

కానీ వడ్ల సీజను వచ్చిందంటే ఉస్తాద్ ఇంకో మనిషి. రోడ్డు పొడవునా లారీలు ఆగి ఉంటాయి, మిల్లు నిలిచిపోయి ఉంటుంది, మిల్లు మనిషి మా గుమ్మంలో నిలబడి బూతులు తిడుతుంటాడు. సరైన బోల్టు వెతికే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు. చేతికి అందింది పెట్టి, స్పానరు తోకకు పొడుగాటి ఇనుప పైపు తొడిగి, ఇద్దరం దానికి వేలాడేవాళ్లం. "రెండు సుట్లు ఎక్కిందా? ఇగ మిగతాది పైపు సూసుకుంటది" అనేవాడు ఉస్తాద్. ఇనుములో ఇనుము కీచుమంటూ దారి కోసుకుంటూ పోయేది. ఎలాగో సీజను దాటేది. తర్వాత దాన్ని గ్యాసుతో కోసి పారేసేవాళ్లం. మా ఊరి మిల్లు పనివాళ్లందరికీ ఇదే అలవాటు. రెండు చుట్లు ఎక్కిందంటే అది మనదే అని మా లెక్క.

ఉస్తాద్ పోయాక షెడ్డు నాకు వచ్చింది. షెడ్డుతో పాటు ఆయన చెయ్యి కూడా వచ్చింది. నోరు తెరిచేలోపే లేస్తుంది అది. తవుడు బస్తా నా సామాను మీద పడేసిన హమాలీని కొట్టాను, సైడివ్వని ఆటోవాణ్ని కొట్టాను, మా బావమరిదిని వాడి పెళ్లి పందిట్లోనే కొట్టాను. ప్రతిసారీ తర్వాత బాధపడ్డాను. బాధపడుతున్నాను కదా, అంటే మంచివాణ్నే అనుకునేవాణ్ని. మా అమ్మ మాత్రం "కొట్టి ఏడ్చేటోని కంటె కొట్టకుంట ఏడిపిచ్చేటోడు నయం" అనేది.

ఇంత కొట్టినవాణ్ని, మా తమ్ముణ్ని మాత్రం ఎన్నడూ కొట్టలేదు. నాకన్నా పదకొండేళ్లు చిన్న. నాయన పోయాక నేనే సాకాను. సూర్యాపేటలో ఒక మందుల ఏజెన్సీలో పని చేస్తూ అక్కడే గది కిరాయికి తీసుకుని ఉంటాడు. పని అయిపోతే పూల్ ఆడతాడు, టేబుల్ మీద కర్రతో బంతులు కొట్టే ఆట. సూర్యాపేటలో వాడితో ఆడటానికి జంకేవాళ్లు ఉన్నారని విని నాకు లోలోపల గర్వంగానే ఉండేది. పైకి మాత్రం "కట్టె పట్టుకోని గోలీలాట" అని వెక్కిరించేవాణ్ని.

వాడి దగ్గర ఒక మంచి క్యూ, అంటే ఆ ఆటకర్ర, ఉండేది. హైదరాబాద్‌లో ఎవరో వాడుకుని అమ్మేసిన పరదేశపు క్యూ. అది రెండు ముక్కలు. వెనక ముక్క చివర ఒక స్టీలు పిన్ను పొడుచుకుని ఉంటుంది. ముందు ముక్క మొదట్లో కర్ర లోపల ఒక ఇత్తడి గొట్టం అతికించి ఉంటుంది. పిన్ను మీద గొట్టం తిప్పి బిగిస్తే రెండూ కలిసి ఒకే కర్ర అవుతాయి. ముందు ముక్కను షాఫ్టు అంటారట. నేను చేసే షాఫ్టులు ఇద్దరు మోస్తే గాని లేవవు, నాకు నవ్వొచ్చింది.

ఆ షాఫ్టును విరగ్గొట్టింది నేనే. అమ్మకు కంటి ఆపరేషన్ రోజు వాడు దవాఖానకు పొద్దున తొమ్మిదికి వస్తానన్నాడు. మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు, భుజాన ఆ క్యూ సంచితో. కోదాడ టోర్నమెంటు దగ్గరపడింది, ప్రాక్టీసులో టైము తెలియలేదన్నాడు. వాణ్ని కొట్టడానికి చెయ్యి రాలేదు. సంచి లాక్కుని, చేతికొచ్చిన ముక్క తీసి, దవాఖాన మెట్టు అంచుకు పెట్టి తొక్కాను. ఫట్టుమంది. కంటికి కట్టుతో లోపల పడుకున్న అమ్మ "ఏందిరా గా సప్పుడు?" అని కేకేసింది. తమ్ముడు వంగి ముక్కలు ఏరుకుని సంచిలో పెట్టుకున్నాడు. వాడు తిట్టినా బాగుండేదని ఆ రాత్రి అనిపించింది.

పొద్దున్నే ఫోన్ చేశాను. "నేనే ఇరగ్గొట్టిన, నేనే బాగు జేస్త. తీస్కరా" అన్నాను.

"షాఫ్టు కొత్తది ఆర్డర్ పెట్టాలన్నా. పది రోజులైతది. ఆట ఆదివారమే."

"నీ అన్న ఎవడనుకున్నవ్‌రా? మిల్లు నడిపే షాఫ్టు చేసేటోనికి గీ పుల్ల ఒక లెక్కా?"

సూర్యాపేట క్లబ్బులో ఎవరిదో వెనక ముక్క పగిలిపోయిన క్యూ ఒకటి మూలన పడి ఉందట. దాని షాఫ్టు అడిగి తెచ్చాడు. కొలిచాను. అంగుళంలో ఎనిమిదో వంతును మేం నూలు అంటాం. వాడి పిన్ను మందం రెండున్నర నూళ్లు. ఈ షాఫ్టు గొట్టం కూడా రెండున్నర నూళ్ల పిన్నుకు చేసిందే. అతుకు దగ్గర కర్ర చుట్టూ ఉండే పట్టీలు కూడా అంచుకు అంచు కలిశాయి. "సూడు, తల్లీ పిల్లా లెక్క ఉన్నయి" అన్నాను. పెట్టి తిప్పితే రెండు చుట్లు ఎక్కింది. మూడో చుట్టుకు పట్టేసింది.

ఇక్కడ ఆగి, త్రెడ్లు వెలుతురుకు పట్టి చూడాలి. నాకు తెలియని పనా? పిన్ను కర్రలో బిగించి ఉంది, గొట్టం కర్ర లోపల ఉంది, పళ్లకు పళ్లు ఆనించాలంటే ఒకదాన్ని ఊడదీయాలి. అంత ఓపిక లేదు. వాడు ఎదురుగా నిలబడి "వద్దన్నా, టైట్ అయితున్నది" అంటుంటే నాకు ఇంకా మండింది. వెనక ముక్కకు గుడ్డ చుట్టి బల్లకున్న వైసులో బిగించాను. షాఫ్టుకు బెల్టు రెంచి తగిలించి మొత్తం బరువు వేసి లాగాను. లోపల ఎక్కడో టక్కుమంది. ఆ తర్వాత మెత్తగా తిరిగి చివరి దాకా పోయింది. ఇనుములో అయితే ఆ టక్కుకు అర్థం దారి దొరికిందని. కర్రలో దానికి అర్థం వేరే ఉంటుందని నాకు తట్టలేదు. "అయిపాయె. తీస్కపో" అని వాడి వీపు తట్టాను.

ఆదివారం వాడి ఆట చూడటానికి నేను కూడా కోదాడ వెళ్లాను. హైవే పక్కన మేడ మీద క్లబ్బు. తమ్ముడు రెండు ఆటలు గెలిచాడు, కానీ చెమటలు కక్కుతూ గెలిచాడు. "బంతి నేను పంపిన తావుకు పోతలేదన్నా" అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నడట నీ అసుంటోడే" అన్నాను.

మూడో ఆటకు ఎదురుగా వచ్చినవాడు కోదాడ మనిషి. నలభై దాటి ఉంటాయి. అక్కడే కర్రను తిప్పి గీసే లేత్ పెట్టుకుని మంచం కోళ్లు, ఉయ్యాల గుబ్బలు చేస్తాడట, ఊళ్లో వాళ్ల క్యూలు కూడా బాగుచేస్తాడట. ఆట మొదలయ్యే ముందు తమ్ముడి క్యూ వైపు చూసి, "ఒకసారి ఇవ్వండి" అని తీసుకుని టేబుల్ మీద పెట్టి దొర్లించాడు. అది దొర్లుతుంటే మధ్యలో అతుకు దగ్గర లేచి పడుతోంది.

"ఇది ఈ పిన్నుకు చేసిన షాఫ్టు కాదండీ. లోపల గొట్టం కదిలిపోయినట్టుంది. విప్పేసి ఇంకోటి తీసుకోండి. బ్రేక్ కొట్టారంటే ఆ మొదటి దెబ్బకే విరుగుద్ది" అన్నాడు తమ్ముడితో, మెల్లగా.

తమ్ముడు నా వైపు చూశాడు. క్లబ్బంతా నా వైపు చూసినట్టు అనిపించింది నాకు.

"ఎవనికి చెప్తున్నవ్‌రా త్రెడ్ల సంగతి? మంచం కోళ్లు గీసుకునేటోడివి నాకు నేర్పుతవా?" అన్నాను.

"చూశాను కాబట్టి చెప్పానండీ. మీ ఇష్టం" అని క్యూ తిరిగి ఇచ్చేశాడు.

"కొట్టురా బ్రేక్" అన్నాను తమ్ముడితో.

వాడు కొట్టాడు. అన్న చెప్పాడు కాబట్టి ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. షాఫ్టు అతుకు దగ్గర నిలువునా చీలింది. ముందు ముక్క ఎగిరి టేబుల్ దాటి పడింది. వాడి కుడిచెయ్యి ఊపు ఆగలేదు. వెనక ముక్క ముందుకు దూసుకుపోయి, దాని కొసన ఉన్న స్టీలు పిన్ను, టేబుల్ మీద ఆనించిన వాడి ఎడమచేతి బొటనవేలు మొదట్లో దిగింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. వాడు చెయ్యి లాక్కుంటే క్యూ కూడా చేతితో పాటే లేచింది. అప్పుడు అరిచాడు. టేబుల్ మీది ఆకుపచ్చ గుడ్డ మీద రక్తం నల్లగా కనిపిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ పిన్నును పెరికింది నేనే. పెరికిన మరుక్షణం ఏం చేశానో చెప్పాలి. కోపమొస్తే కన్ను మిన్ను కానదంటారు, కానీ నాకు అన్నీ కనిపించాయి. ఆ కోదాడ మనిషి సాయానికే ముందుకు వచ్చాడు, చేతిలో రుమాలు కూడా ఉంది. అది చూస్తూనే, "దొర్లిచ్చినప్పుడు నువ్వే ఒదులు జేసినవ్" అని అరిచి, నా చేతిలో ఉన్న వెనక ముక్కను తిరగేసి, దుడ్డు వైపుతో కొట్టాను. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది తలకు తగలాల్సింది, ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుపుల్లలు తొక్కినట్టు చప్పుడైంది. కింద పడ్డాక కూడా పక్కటెముకల మీద తన్నాను. నలుగురు కలిసి నన్ను గోడకు అదిమితే వాళ్లలో ఒకడి చెవి కొరికాను. నలభై ఆరేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని.

రెండు వైపులా రక్తం కారింది కాబట్టి సమానం అన్నారు క్లబ్బు పెద్దమనుషులు. కేసులు వద్దన్నారు. ఆయనకు కుడిచేతి రెండు వేళ్లు విరిగాయి. తమ్ముడికి ఆరు కుట్లు పడ్డాయి, బొటనవేలు పూర్తిగా మడతపడదన్నారు. దారిలో వాడు "వాడే ఒదులు జేసిండంటవా అన్నా?" అని ఒక్కసారి అడిగాడు. "నా కండ్ల ముంగట జేసిండు" అన్నాను. వాడు నమ్మాడు. నేను కూడా నమ్మాను, అది అబద్ధం కాదు. అప్పటికి నమ్మాను.

విరిగిన క్యూ షెడ్డులో బల్ల కింద నెల రోజులు పడి ఉంది. ఒకరోజు పని లేక బయటికి తీశాను. చీలిన కర్రలోంచి ఇత్తడి గొట్టం దానంతట అదే ఊడి చేతిలోకి వచ్చింది. బయట జిగురు అంతా పొడి అయిపోయి ఉంది. గొట్టాన్ని నిలువునా కోశాను. వెనక ముక్క నుంచి పిన్నును వేడి చేసి ఊడబెరికాను. పళ్లకు పళ్లు ఆనించి గుమ్మంలో నిలబడి వెలుతురుకు పట్టాను.

వెలుతురు దూరింది. మొదటి రెండు పళ్లు కూర్చున్నాయి, ఆ తర్వాత ఒక్కటీ కూర్చోలేదు. గేజీ పెట్టి చూశాను. మందం రెండూ రెండున్నర నూళ్లే. కానీ పిన్నుకు అంగుళానికి పద్నాలుగు త్రెడ్లు, గొట్టానికి పద్దెనిమిది. నేను బరువేసి లాగినప్పుడు గొట్టం పిన్ను మీద ఎక్కలేదు. కర్ర నుంచి విడిపోయి పిన్ను మీదే నిలిచిపోయింది, కర్ర ఒక్కటే దాని చుట్టూ తిరిగింది. ఆ టక్కు అదే. ఆ మనిషి కంటితో చూసి చెప్పిన మాట అక్షరం పొల్లు పోలేదు.

ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఆ రెండు ముక్కలనూ జేబులో వేసుకుని తిరిగాను. భోజనం దగ్గర కూర్చుంటే తొడకు గుచ్చుకునేవి. సిగ్గుగా ఉండేది, ఆ సిగ్గు మళ్లీ కోపంగా మారి పెళ్లాం మీద, పిల్లల మీద పడేది. అలా ఉండగా బుధవారం నాడు తమ్ముడు ఫోన్ చేశాడు.

"కుట్లు మానినయన్నా. ఆదివారం పొద్దున పదింటికల్లా దోస్తులం కోదాడల ఉంటం. వాని రెండో చెయ్యి గుడ ఖతం చేసొస్తం. నువ్వు రాకు."

"పోకురా, కేసు అయితది."

"నువ్వు కొడితె కాని కేసు నేను కొడితె అయితదా?"

అప్పుడే చెప్పాలి. నోట్లో దాకా వచ్చింది. నా షెడ్డులో, నా వైసులో, నా చేత్తో అయిందని తమ్ముడితో ఎలా చెప్పను? వాడి ముందు నాకు ఉన్నదల్లా ఆ పనితనమే. గురువారం చెబుదామనుకున్నాను. శుక్రవారం అనుకున్నాను. ఆ కోదాడ మనిషికి మిగిలింది ఒక్క చెయ్యి, అది నా నాలుక మీద ఆధారపడి ఉందని తెలిసి కూడా శనివారం రాత్రి కడుపు నిండా తిని పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఉండలేకపోయాను. బండి తీసి హుజూర్‌నగర్ మీదుగా పరుగు పెట్టించాను. తొమ్మిదిన్నరకు కోదాడ చేరి, అడుగుతూ ఆయన షాపు పట్టుకున్నాను. ఆయన మంచం కోడు ఒకటి లేత్‌కు బిగించి గీస్తున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు చాచినవి చాచినట్టే ఉన్నాయి, ఉలిని మిగతా మూడింటితో పట్టుకున్నాడు. నన్ను చూడగానే మోటారు ఆపి ఉలి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. భయపడ్డాడు. ఆ భయం చూశాక నా నోరు కదిలింది.

"ఆ షాఫ్టు సంగతి... తప్పు నాది. త్రెడ్లు కలువలే. నేనే బలవంతంగ ఎక్కిచ్చిన."

"తెలుసండీ. నేను ఆ రోజే చెప్పాను కదా. తెలిసిన సంగతి మళ్లీ నాకెందుకు చెప్తారు?" అన్నాడు. గొంతులో క్షమించిన జాడ ఏమీ లేదు.

తమ్ముడు వాళ్లు వస్తున్నారని చెప్పేలోపే రెండు బండ్లు వచ్చి ఆగాయి. తమ్ముడు, ఇంకో ముగ్గురు. చేతుల్లో క్రికెట్ వికెట్లు. ఒకడు వస్తూనే వాకిట్లో ఆరబెట్టిన మంచం కోళ్ల మీద వికెట్టు విసిరి కొట్టాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఆయన చెయ్యలేదురా. నేను చేసిన."

"జరుగన్నా. కేసుకు భయపడి మీదేసుకుంటున్నవ్ గిట్ల" అని తమ్ముడు నన్ను పక్కకు నెట్టాడు.

జేబులోంచి ఆ రెండు ముక్కలూ తీసి వాడి చేతిలో పెట్టాను. ఎలా చూడాలో వాడికి చిన్నప్పుడు నేనే నేర్పాను. వాడు ఎండలోకి వెళ్లి, పళ్లకు పళ్లు ఆనించి పైకెత్తి పట్టుకున్నాడు. ముక్కలు తిప్పి ఇంకోసారి పట్టి చూశాడు. దోస్తులు ఏమైందని అడుగుతున్నారు.

"ఎప్పుడు సూసినవ్ ఇది?" అన్నాడు చివరికి.

"నిన్న" అనొచ్చు. నోటి చివర ఉంది ఆ మాట.

"ఎనిమిది రోజులాయె."

"బుధవారం నేను ఫోన్ చేసిన్నాటికి ఎర్కనేనా నీకు?"

"ఎర్కనే."

ముక్కలు కుడి పిడికిట్లో ఉన్నాయి, ఎడమచేత్తో కొట్టాడు. బొటనవేలు మడవదు కాబట్టి పిడికిలి కుదరలేదు, ఆ దెబ్బ నా పెదవి మీదుగా జారిపోయింది. మళ్లీ కొట్టాడు. మూడోసారి పాత గాయం చోట చర్మం చిట్లి వాడి రక్తమే నా చొక్కా మీద పడింది. జీవితంలో మొదటిసారి నా చెయ్యి లేవలేదు. లేపకూడదని అనుకుని ఆపింది కాదు. లేపే మొహం లేక లేవలేదు.

"కొట్టుకుంటే బయటికి పోయి కొట్టుకోండి. ఇది పని చేసుకునే చోటు" అన్నాడు కోదాడ మనిషి.

తమ్ముడు ఆగాడు. దోస్తుల చేతుల్లోంచి వికెట్లు తీసుకుని ఒక మూలన పెట్టాడు. చెదిరిపోయిన కోళ్లు ఏరి వరసగా పేర్చాడు. తర్వాత ఆయన ముందుకు వెళ్లి తల వంచి, "తప్పయింది" అన్నాడు. ఆయన ఉలి కింద పెట్టాడు. తమ్ముడి చేతి వైపు చూసి, "లోతుగా దిగిందా?" అని అడిగాడు. "బొక్క దాకా" అన్నాడు వీడు. "ఏదీ, చూపించు" అని స్టూలు ముందుకు జరిపాడు. వాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటుంటే నేను గుమ్మం బయట నోరు తుడుచుకుంటూ నిలబడ్డాను. నన్ను లోపలికి ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా అనలేదు.

తమ్ముడి క్యూకు సరైన గొట్టంతో కొత్త షాఫ్టు ఆయనే చేసి ఇచ్చాడు. మూడు వేళ్లతో చేశాడు. ఇప్పుడు ఏ రిపేరు వచ్చినా వీడు కోదాడే వెళ్తాడు. నన్ను అన్నా అనే పిలుస్తాడు, అమ్మ మందులు తెచ్చిస్తాడు, పండగకు నా పిల్లలకు బట్టలు తెస్తాడు. పోయిన నెల మిర్యాలగూడ వచ్చినప్పుడు వాడి బండి ఫుట్‌రెస్టు విరిగింది. నేను షెడ్డు గుమ్మంలోనే ఉన్నాను, వెల్డింగ్ రాడ్డు కూడా చేతిలోనే ఉంది. "పోయొస్తనన్నా" అని చెప్పి, బండి తోసుకుంటూ నా ముందు నుంచే వెళ్లి, నాలుగు షెడ్ల అవతల అతికించుకున్నాడు.